చనిపోయినవాళ్ల హాజరు

మిల్లు గేటు దగ్గర ఆ బండిని ఆపిన వాచ్‌మన్ చెడ్డవాడు కాడు. అతనికి అప్పగించిన పని ఒక్కటే: లోపల పనిచేసే ఆడపిల్ల ఎవరు గేటు దాటినా సెలవు చీటీ చూడాలి. బండి మీద దుప్పటి కప్పి పడుకోబెట్టిన పిల్ల మిల్లు పిల్లే. కాబట్టి చీటీ అడిగాడు.

"చచ్చిపోయింది బాబూ," అంది తల్లి. "చచ్చిపోయిన పిల్లకి సెలవు చీటీ ఏమిటి?"

"అదంతా నాకు తెలీదమ్మా. టోకెన్ బయటికి పోతోందంటే చీటీ ఉండాలి. లేకపోతే నన్నూ పంపించేస్తారు. ఆఫీసులో అడగండి, రెండు నిమిషాలు పట్టదు."

తల్లి ఆఫీసులోకి వెళ్లింది. చిన్నమ్మాయి బండి దగ్గర నిలబడింది. ఆమెకు పదిహేడేళ్లు. పది రోజుల కిందటే బడిలో ఆఖరి పరీక్షలు రాసింది. మధ్యవేలి మీద కలం నొక్కుకున్న కాయ ఇంకా మెత్తబడలేదు. దుప్పటి చాలక అక్క పాదాలు బయటికి వచ్చాయి. మడమల పగుళ్లలో దూది నలుసులు ఇరుక్కుని ఉన్నాయి. చిన్నమ్మాయి వంగి, గోటితో వాటిని ఒక్కొక్కటిగా తీయసాగింది. తల్లి తిరిగి వచ్చేసరికి ఒక కాలు పూర్తయింది.

చీటీ మీద మిల్లు ముద్ర ఉంది, కింద తల్లి వంకర సంతకం ఉంది. కారణం అన్న గడిలో జ్వరమని రాశారు. ఎన్నాళ్లు అన్న గడిలో పదిహేను రోజులని రాశారు. వాచ్‌మన్ చదివి, గేటు తీసి, టోపీ కూడా తీశాడు.

అది షిఫ్టు మారే వేళ. నూట యాభైమంది అక్కడే ఉన్నారు, అందరూ చూశారు. చూసినవారిలో ఒక్కరు నోరు తెరిచి ఉంటే ఈ కథ ఆ ఉదయమే ముగిసేది. ఎవరూ తెరవలేదు.

అది నూలు మిల్లు. బడి చదువు పూర్తిచేసిన ఆడపిల్లలను మూడేళ్ల ఒప్పందం మీద తీసుకుని ఆవరణలోని హాస్టల్‌లో ఉంచేది. పిల్ల పనిలో ఉన్నంతకాలం ఆమె కుటుంబానికి మిల్లు వెనుక వరుస ఇళ్లలో ఒక గది ఇచ్చేది. పిల్లకు ఇచ్చిన నంబరే టోకెన్; అది ఉంటే గది ఉంటుంది. టోకెన్ ఖాళీ అయితే గది ఖాళీ చేయాలి. మూడేళ్లు నిండకముందే పిల్ల పోతే, అదే ఇంటినుంచి మరొకరు అదే టోకెన్ మీద రావాలి. హాజరు పట్టీలో పేరు మార్చరు. ఉన్న పేరుకే కొత్తపిల్ల పలకాలి. అలా వచ్చిన పిల్లను 'బదులు' అనేవారు. కండె మార్చినట్టు, బల్బు మార్చినట్టు, అంత మామూలుగా ఆ మాట వాడేవారు.

సెలవు చీటీలోని పదిహేను రోజులు ముగిసేలోపే పరీక్షా ఫలితాలు వచ్చాయి. ఆ సాయంత్రం సైన్సు టీచరమ్మ చెప్పులు విడిచి గదిలోకి వచ్చి, ఉన్న ఒక్క ముక్కాలిపీట మీద కూర్చుని, సంచిలోంచి ఒక దరఖాస్తు తీసింది.

"సైన్సులో నూటికి తొంభైనాలుగు. మా బడి పెట్టాక ఇన్ని మార్కులు ఎవరికీ రాలేదు. పెద్దాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఉంది, రెండేళ్లు. ఫీజు లేదు, హాస్టల్ వాళ్లే ఇస్తారు. చేరడానికి రెండు నెలలు గడువుంది."

"బాగానే ఉంది టీచరమ్మా," అంది తల్లి. "అది హాస్టల్లో ఉంటుంది. నేనెక్కడుండాలి?"

ఆ ప్రశ్న దరఖాస్తులో లేదు. టీచరమ్మ కాగితాన్ని ఒకసారి తిరగేసి మళ్లీ బోర్లించింది.

"అక్క కఫం పరీక్ష చెయ్యమని మూడుసార్లు అడిగింది," అంది చిన్నమ్మాయి గోడవైపు చూస్తూ. "మిల్లు సిక్‌రూంలో నవ్వారంట. ఆ పరీక్ష నేను నేర్చుకుంటా. ఇంకేం వద్దు నాకు."

అప్పుడే గుమ్మంలో దగ్గు వినిపించింది. ముగ్గురూ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు, ఎందుకంటే ఆ ఇంట్లో దగ్గు అంటే పెద్దమ్మాయే. వచ్చినవాడు మిల్లు తరఫున పిల్లలను భర్తీ చేసే మనిషి. ఏటా బడికి వచ్చి, ఆఖరి తరగతిని కూర్చోబెట్టి, భవిష్యత్తు గురించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చేవాడు. అందుకని పిల్లలు అతనికి భవిష్యత్తు బాబాయి అని పేరు పెట్టారు.

"కూర్చోను చెల్లెమ్మా, ఒక్కమాట చెప్పి పోతా," అన్నాడు తల్లితో, చాలా మెత్తగా. "పెద్దదానికి ఇంకా పద్నాలుగు నెలలు మిగిలిపోయాయి. అక్క పని చెల్లెలు పూర్తిచేస్తే ఆ బిడ్డ ఆత్మకీ శాంతి. మీకు గదీ ఉంటుంది. ఆ తర్వాత ల్యాబే చదువుతుందో, డాక్టరే అవుతుందో, ఎవరు కాదన్నారు?"

"ముందు దాని సర్టిఫికెట్ ఇప్పించండి," అంది టీచరమ్మ. "అది లేకుండా దరఖాస్తు తీసుకోరు."

"మిల్లులో భద్రంగా ఉంది టీచర్‌గారూ. వరుస ఇళ్ల పిల్లలవన్నీ ఈ మధ్యాహ్నమే హెడ్మాస్టరుగారు పంపించారుగా. కట్ట కట్టింది మీరేనని చెప్పారే."

టీచరమ్మ తల వంచుకుంది. "కట్టమన్నారు, కట్టాను," అంది. "ప్రతి ఏడూ కడుతున్నాను."

చదువుకున్న పిల్ల ముందు రెండు దారులుంటాయని చెప్పేవారు ఒక సంగతి దాచిపెడతారు: ఆ దారుల మొదట్లో నిలబడినవారి చేతుల్లో ఏముందో చెప్పరు. ఆ రోజు ఒకరి చేతిలో దరఖాస్తు ఉంది, మరొకరి చేతిలో సర్టిఫికెట్, గది రెండూ ఉన్నాయి. తల్లి లెక్క చూసింది. భయపడిన తల్లులందరూ చూసే లెక్కే అది.

"పద్నాలుగు నెలలు కళ్లు మూసుకోవే," అంది.

హాస్టల్‌లో అక్క మంచమే ఆమెకు ఇచ్చారు. అక్క ఫోటో ఉన్న గుర్తింపు కార్డే మెడలో వేశారు. "ముక్కు ఒకటేలే, సరిపోతుంది," అంది వార్డెన్, కార్డును, ముఖాన్ని మార్చి మార్చి చూసి. పరుపులో అక్క ఒళ్లు చేసిన గుంట ఉంది. చిన్నమ్మాయి అంచున పడుకునేది. తెల్లవారేసరికి ఆ గుంటలోనే ఉండేది.

మొదటి ఉదయం మేస్త్రి హాజరు పిలిచాడు. "నూట నాలుగు," అని, దాని పక్కనున్న అక్క పేరు చదివాడు. చిన్నమ్మాయి నోరు తెరిచేలోపు వెనుకనుంచి ఎవరో "ఉన్నాను" అన్నట్టు అనిపించింది. తిరిగి చూసింది. వెనుక గోడ ఉంది. మేస్త్రి కలం ఎత్తి చూస్తున్నాడు.

"ఉన్నాను," అంది.

పని త్వరగానే వచ్చింది. తిరుగుతున్న కండె ఆపి, తెగిన పోగు వెతికి పట్టి, రెండు కొసలూ మెలిపెట్టి వదలాలి. ఈలోగా మరో మూడు తెగుతాయి. వారం తిరిగేసరికి పక్కనున్న వడికే ఫ్రేం మీద పనిచేసే అమ్మాయి ఆమె చేతులవంక చూస్తూ నిలబడిపోయింది. అందరూ ఆ అమ్మాయిని పొట్టి అనేవారు, టోకెన్ నూట మూడు.

"నువ్వు కుడిచేతివాటం కదే. పోగు ఎడమచేత్తో అతుకుతున్నావేం?"

చిన్నమ్మాయి చేతులు చూసుకుంది. నిజమే. అక్కది ఎడమచేతివాటం.

"నూట నాలుగూ," అంది పొట్టి, యంత్రాల హోరులో నోరు ఆమె చెవికి ఆనించి, "చచ్చి కూడా డ్యూటీకి లేటు కాలేదే నువ్వు. నీకు బహుమతి ఇవ్వాలి." ఆ మాటకు తనే నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఆపేసింది. "నేను కూడా బదులేలే. మా వదిన టోకెన్. నీళ్ల ట్యాంకులో దొరికింది. నేను వచ్చి ఏడాదైంది. ఇంట్లో మా అన్న కూడా ఒక్కోసారి పొరపాటున నన్ను ఆవిడ పేరుతో పిలుస్తాడు. పలుకుతాను."

మూడో వారంలో చిన్నమ్మాయికి దగ్గు మొదలైంది. దగ్గు రావడం కాదు ఆమెను భయపెట్టింది. అది అక్క దగ్గు కావడం. రెండు పొడిగా, ఒకటి దీర్ఘంగా. ఆ మధ్యాహ్నం అన్నం తినే గంటలో ఆమె ఒక పాత కాగితం మీద తన పేరు రాయబోయింది. అక్క పేరు మొదటి అక్షరం రాసి ఆగిపోయింది. దరఖాస్తు గడువుకి ఇంకా నెల ఉంది. అప్పటికి తన పేరు తనకు గుర్తుంటుందో లేదోనని మొదటిసారి అనుమానం కలిగింది.

ఆ కాగితాన్ని ఊడ్చుకుపోవడానికి వచ్చినామె దాన్ని చదివింది. ఆమె ఫ్రేముల కింద దూది ఊడ్చే ముసలామె. అందరికీ పెద్దమ్మ. ఇరవై ఏళ్ల కిందట కార్మిక సంఘం పెట్టబోయి జైలుకు వెళ్లివచ్చిందని, అందుకే యంత్రం దగ్గరికి రానివ్వరని చెప్పుకునేవారు.

"తొమ్మిదిమంది," అంది పెద్దమ్మ వంగి ఊడుస్తూనే. "ఈ మూడేళ్లలో బదులుగా వచ్చినవాళ్లు. తొమ్మిదీ చావులే. నేనే లెక్కపెట్టా, కాగితం మీద ఎక్కడా లేదు. ఆదివారం బట్టలుతికే చోటికి రా."

ఆదివారం మధ్యాహ్నం, తడిబట్టలు బండకేసి బాదుతున్న చప్పుడు మాటలను కప్పేస్తూండగా, ఆ సమావేశం జరిగింది. ఆ తొమ్మిదిమందీ వచ్చారు. మరో ముప్ఫైమంది ఉతకడానికి ఏమీ లేకపోయినా బకెట్లతో వచ్చారు.

"ఈ మిల్లులో చావన్నదే లేదు," అంది పెద్దమ్మ. "పట్టీ చూడండి. ఒక్కతీ చావలేదు. పైనుంచి చూసేవాళ్లు ఇది స్వర్గమనుకుంటారు."

"స్వర్గంలో ఉండేది కూడా చచ్చినవాళ్లేగా పెద్దమ్మా," అంది ఎవరో. కొందరు నవ్వారు. బాదడం ఆపొద్దని ఒకామె సైగ చేసింది.

"వచ్చే నెల తనిఖీకి లేబర్ ఇన్‌స్పెక్టర్ వస్తాడు," అంది చిన్నమ్మాయి. అంతమందిలో మాట్లాడడం ఆమెకు కొత్త. మధ్యమధ్య దగ్గు అడ్డొచ్చింది. "పేరు పేరునా పిలుస్తాడు. సమ్మె చెయ్యొద్దు, కేకలు వద్దు. అబద్ధం చెప్పకుండా ఉంటే చాలు. పిలిచిన మనిషి చచ్చిపోయిందని చెబుదాం."

"చెప్తే?"

"రాసుకోవాలి. ప్రభుత్వం మనిషి విన్నాక రాసుకోవాలి."

"ప్రభుత్వానికి చెవులున్నాయని ఎవరు చెప్పారే నీకు?" అంది పెద్దమ్మ.

"సివిక్స్ పుస్తకంలో ఉంది."

ఈసారి అందరూ నవ్వారు, ఆమె తప్ప. నవ్వు అయ్యాక పొట్టి లేచింది. ఆమె గొంతు పదునుగా ఉంది.

"నీకేం, సర్టిఫికెట్ వస్తే ఆసుపత్రికి పోతావు. మా అన్నకి కాలు లేదు. గది పోతే వాణ్ని ఎక్కడ పెట్టను, నెత్తిమీదా?"

"ఒక్కతి మాట్లాడితే ఒక గది ఖాళీ చేయిస్తారు," అంది పెద్దమ్మ. "తొమ్మిదైతే ఆలోచిస్తారు."

"ఆలోచించి మరీ చేయిస్తారు."

"చేయించనీ. నూట యాభై గదులు ఒక్కసారి చేయించలేరు. ఎవరి చేత పనిచేయించుకుంటారు, గోడల చేతా?"

"పెద్దమ్మా, నువ్వు అప్పుడూ ఇదే చెప్పావంట. అప్పుడు నీ వెనక ఎంతమంది వచ్చారు?"

పెద్దమ్మ బండ మీది బట్టను తిరగేసి బాదింది. అది నిజమైన ప్రశ్న. ఎవరూ ఒట్టు వేయలేదు. బట్టలు పిండుకుని ఎవరి దారిన వారు వెళ్లిపోయారు.

తనిఖీ రోజున యంత్రాలు ఆపారు. ఆ నిశ్శబ్దానికి అలవాటులేని చెవుల్లో రక్తం హోరెత్తింది. కోర్సులో చేరే గడువుకు కూడా అదే ఆఖరి రోజు. సాయంత్రం అయిదుకు కౌంటర్ మూసేస్తారు. ఇన్‌స్పెక్టర్ పట్టీ తెరిచి, మేనేజర్ తెప్పించిన కుర్చీలో కూర్చున్నాడు. వరసగా పిలుస్తూ నూట మూడుకు వచ్చాడు.

చిన్నమ్మాయి వంక పొట్టి చూడలేదు. "ఉన్నాను," అంది.

"నూట నాలుగు." తర్వాత అక్క పేరు.

వెనుకనుంచి ఎప్పటిలాగే ఆ గొంతు పలకబోయింది. చిన్నమ్మాయి ముందుగా పలికింది.

"ఆమె చనిపోయింది."

ఇన్‌స్పెక్టర్ కళ్లజోడు మీదుగా చూశాడు. "ఎవరు?"

"మీరు పిలిచినామె. మా అక్క. ఈ మిల్లు సిక్‌రూంలో చనిపోయింది. నేను చెల్లెల్ని."

"మరి ఆమె టోకెన్ నీ మెడలో ఎందుకుంది?"

ఆ ఒక్క ప్రశ్న చాలు మేనేజర్‌కి. "మోసం సార్. అక్క ఇల్లొదిలి ఎటో పోయినట్టుంది, ఆమె కార్డు తగిలించుకుని ఈ పిల్ల దూరింది. మాకిప్పుడే తెలిసింది." ఇన్‌స్పెక్టర్ పట్టీ మూశాడు. ఇది పోలీసుల విషయమన్నాడు. మిగిలిన ఏడుగురి పేర్లు చదివే అవసరమే రాలేదు. జీపు వచ్చేదాకా చిన్నమ్మాయి తన ఫ్రేం పక్కనే నిలబడింది. పొట్టి నేలచూపులు చూస్తోంది. ఎవరూ కదలలేదు. పెద్దమ్మ మాత్రం చీపురు కింద పడేసి, జీపు వెనకే నడక సాగించింది.

స్టేషన్‌లో ఎస్సై ముందు తెల్లకాగితం ఉంది. గోడ గడియారంలో మూడున్నర. కబురందుకుని తల్లి వచ్చింది, వెనకే టీచరమ్మ ఆయాసపడుతూ వచ్చింది. మేనేజర్ పక్కన నిలబడిన భవిష్యత్తు బాబాయి సంచిలోంచి ఒక కవరు తీసి, అందులోని సర్టిఫికెట్‌ను ఎస్సై బల్ల మీద పరిచాడు.

"మాకు మాత్రం పిల్లలంటే కోపమా?" అన్నాడు మేనేజర్. "దుఃఖంలో మతి చెదిరి నోటికొచ్చింది అన్నానని ఒక్క సంతకం పెట్టు. కేసుండదు. ఇది తీసుకుని ఇప్పుడే వెళ్లు. మా కారులో దింపుతాం. అయిదులోపు చేరతావు."

చిన్నమ్మాయి సర్టిఫికెట్ వంక చూసింది. ఏడు వారాల తర్వాత తన పేరును అచ్చులో చూడడం అదే మొదటిసారి. దాని పక్కన మార్కులు. చెయ్యి దానంతట అదే ముందుకు కదిలింది, కుడిచెయ్యి.

"తీసుకో తల్లీ," అంది టీచరమ్మ. ఆమె కళ్లలో నీళ్లున్నాయి, అవి నిజమైనవే. "ఒక్క సంతకం. చనిపోయినవాళ్లు ఎదురుచూస్తారు. కోర్సు ఎదురుచూడదు."

"ఆ సంతకం ఎలాంటిదో నాకు తెలుసు," అంది తల్లి.

అంతవరకు ఆమె గోడకు ఆనుకుని ఉంది. ఇప్పుడు బల్ల దగ్గరికి వచ్చింది.

"నా పిల్ల శవాన్ని గేటు దాటించుకోవడానికి జ్వరమని సంతకం పెట్టా. పదిహేను రోజులు సెలవని పెట్టా. నా చేతులతో పూడ్చినా, అది పోయిందని నాకు నమ్మకం కలగలేదు ఎస్సైగారూ. ఎలా కలుగుతుంది? రోజూ పొద్దున దాని పేరు పిలుస్తుంటే ఇది పలుకుతోంది. ఏ పిల్ల నా దగ్గరుందో, ఏది మట్టిలో ఉందో నాకు తెలియకుండా పోయింది." కూతురివైపు తిరిగింది. "నీకు నేనేం చెప్పనే. నా మాట విని ఇంతదాకా వచ్చావు. నీ ఇష్టం."

"గది సంగతి ఆలోచించావా చెల్లెమ్మా?" అన్నాడు భవిష్యత్తు బాబాయి మెల్లగా.

"తీసుకో నాయనా. అందులో ఉండి ఏం బతికాం."

చిన్నమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. 

"కేసు రాయండి సార్."

"జైలుకు పోతావమ్మా. చిన్నపిల్లవి."

"చనిపోయినామె పేరు వాడుకున్నానని రాయాలి కదండీ. ఆమె ఎప్పుడు చనిపోయిందో, ఎక్కడో కూడా రాయాలి. రాయకపోతే నేను చేసిన తప్పేమిటో ఎలా తెలుస్తుంది?"

ఎస్సై కలం ఆపి మేనేజర్‌ను చూశాడు. మేనేజర్‌కు సంగతి అర్థమయ్యేసరికి కొంచెం ఆలస్యమైంది. "ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాం," అన్నాడు హడావిడిగా. "పిల్లను వదిలేయండి. పాపం, చిన్నపిల్ల."

"ఎవరు వదలమన్నారు?" అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

పొట్టి. మూడు మైళ్లు నడిచి వచ్చింది, జుట్టునిండా దూది. వెనక ఏడుగురు. వారి వెనక వరండా, మెట్లు, రోడ్డు, అన్నీ నిండిపోయేంతమంది. షిఫ్టు మధ్యలో, యంత్రాలు వదిలేసి, సెలవు చీటీ లేకుండా వచ్చినవాళ్లు. వాచ్‌మన్ అడిగాడట. ఎవరి చీటీ చూడాలో తెలియక పక్కకు తప్పుకున్నాడట.

"నన్ను కూడా రాసుకోండి సార్," అంది పొట్టి. "నేను నూట మూడు. నూట మూడు చచ్చిపోయింది. పొద్దున అబద్ధమాడా."

"నన్ను కూడా," అంది వెనకామె.

"వరసలో రండి, వరసలో," అంది పెద్దమ్మ వరండాలోంచి. "ఎస్సైగారిది ఒక్కటే చెయ్యి."

ఎస్సై గుమ్మంలోంచి రోడ్డుదాకా చూశాడు. ఇంతమంది విన్న మాటను వినలేదనడం ఏ ఉద్యోగికైనా కష్టమే. చివరకు కాగితం మీదికి వంగాడు. అక్క పేరు రాశాడు. వయసు పందొమ్మిది. దాని పక్కన మరో మాట రాశాడు. చిన్నమ్మాయి దాన్ని తలకిందులుగా చదివింది: మృతురాలు. తల్లికి చదవడం అంతంతమాత్రం, ఆ మాట మీద వేలు పెట్టి, "ఇదేనా?" అని అడిగింది. "ఇదే," అంది చిన్నమ్మాయి. తల్లి అప్పుడు బల్ల పక్కన నేలమీద కూలబడి, మొదటిసారి, చనిపోయిన పిల్లకోసం ఏడ్చింది.

గడియారం అయిదు కొట్టింది. సర్టిఫికెట్‌ను కేసులో ఆధారంగా చూపాలని ఎస్సై దాన్ని ఫైల్లో గుచ్చాడు. టీచరమ్మ అది గుచ్చడం చూసింది, తర్వాత వెళ్లి వరసలో చివరన నిలబడింది. ఆమె ఏం చెప్పుకోవడానికి నిలబడిందో ఎవరూ అడగలేదు.

చిన్నమ్మాయిని లోపలి గదిలో పెట్టి తాళం వేశారు. ఆమె వీపును చలిగోడకు ఆనించి చెవి రిక్కించింది. వెనుకనుంచి ఏ గొంతూ పలకలేదు. ముందునుంచి, కటకటాల అవతలనుంచి, ఎస్సై అలసిన గొంతు వినిపించింది.

"తర్వాత ఎవరమ్మా? నీ పేరు చెప్పు."

"ముందు మా వదిన పేరు రాయండి సార్," అంది పొట్టి. "తర్వాత నాది చెప్తా."